పేరులో వెస్లీ ఉంది, కానీ మెథడిస్ట్ కాదు!

సికింద్రాబాద్ తిరుమలగిరిలో గారిసన్ వెస్లీ చర్చి ఉంది కదా. గారిసన్ అంటే సైనిక స్థావరం. వెస్లీ అంటే ఇంగ్లండ్‌లో మెథడిస్ట్ ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ. మరి ఇది మెథడిస్ట్ చర్చేనా? ఒకప్పుడు అవును, ఇప్పుడు సీఎస్ఐ.

కంటోన్మెంట్‌లోని తెల్ల సిపాయిల ప్రార్థనా స్థలం ఇది. 1857 మే 10న మీరట్ తిరుగుబాటు ఆదివారం సాయంత్రం, సరిగ్గా చర్చి టైమ్‌కే మొదలైంది. ఆ తర్వాత బ్రిటిష్ సోల్జర్లు ప్రార్థనకి కూడా తుపాకులతోనే వెళ్లేవారు. చేతిలో పాటల పుస్తకం, పక్కన రైఫిల్! అంత భయం మరి.

1895లో చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ తిరుమలగిరి సైనికుల మధ్య పని చేయడానికే వచ్చాడు. ఆ పని ఆయనకి తృప్తినివ్వలేదు, పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. మనం బైకులేసుకుని వెళ్లి సెల్ఫీలు దిగే మెదక్ చర్చి ఆయన కట్టించిందే. కరువు రోజుల్లో ఆ కట్టుబడి పనే ఎంతోమందికి తిండి పెట్టింది. నాకైతే ఈ కథలో అసలు మలుపు ఇదే.

1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, వెస్లియన్లు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి సీఎస్ఐగా ఏర్పడ్డారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఆరు వారాలే, ఇక్కడింకా నిజాం పాలనే. అలా వెస్లీ చర్చిలన్నీ సీఎస్ఐలోకి వెళ్లాయి. హైదరాబాద్‌లో అమెరికన్ మిషన్ పెట్టిన చర్చిలు మాత్రం ఆ కలయికలో చేరలేదు. అవి ఇప్పటికీ మెథడిస్టే.