హస్తవాసి: రేకి చికిత్స చరిత్రయు, అండమాను నికోబారు దీవులును

తెలుగునాట “హస్తవాసి” యను మాట వినని యిల్లు లేదు. ఇద్దరు వైద్యులు ఒకే మందు నిచ్చినను, ఒకరి చేతిమీదుగా వచ్చినది గుణమిచ్చుననియు, రెండవవారి చేతిమీదుగా వచ్చినది అంతగా పనిచేయదనియు పెద్దలు చెప్పుచుందురు. పసిబిడ్డకు నలుగు పెట్టి నీళ్లు పోయు మంత్రసాని చేయి, తేలు కుట్టినచోట అదిమి మంత్రము వేయు ఊరిపెద్ద చేయి, తలనొప్పికి కణతలు పట్టు తల్లి చేయి – వీనికి మన యిండ్లలో ఔషధముతో సమానమైన గౌరవము తరతరములుగా కలదు. నేడు నగరములలో “రేకి” యను పేర వినవచ్చుచున్న చికిత్సను గూర్చి విచారించునపుడు ఈ మాటను మరువరాదు. రేకియందు కషాయము లేదు, మాత్ర లేదు, శస్త్రము లేదు, ఉన్నదంతయు చేయియే.

“రేకి” జపాను భాషలోని మాట. “రే” యనగా ఆత్మసంబంధమైనది, దివ్యమైనది; “కి” యనగా ప్రాణశక్తి. చీనా వారు “చి” యనునదియు నిదియే. మన యోగశాస్త్రములు చెప్పు ప్రాణము దీనికి సమీపమైనది. రోగి కట్టుబట్టలతోనే పరుండును. చికిత్సకుడు తన అరచేతులను అతని శిరస్సు, కన్నులు, కంఠము, వక్షము, ఉదరము, వీపు – వీనిపై ఒక్కొక్కచోట కొన్ని నిమిషములు తేలికగా ఆనించియో, కొంచెము ఎడముగనో ఉంచును. రుద్దుట, పిసుకుట యుండవు. ఇట్లు ఇంచుమించు ఒక గంట గడచును. విశ్వమందంతటను వ్యాపించిన శక్తి తన చేతులగుండ రోగి దేహములోనికి ప్రవహించి, దేహము తన్ను తాను బాగుచేసికొనునట్లు చేయునని అతని విశ్వాసము. దేహమును, మనస్సును, నడవడిని వేరువేరుగా చూడరాదని ఈ పద్ధతివారి ముఖ్యభావము. అందువలననే కోపమును, చింతను విడువవలెననియు, కృతజ్ఞత, శ్రద్ధ, దయ కలిగి యుండవలెననియు ఐదు నియమములను శిష్యులకు నేర్పుదురు. ఆ నియమములు “ఈ దినమునకు మాత్రము” అని ప్రారంభమగుట గమనింపదగినది. జన్మాంతము కోపము మానుమనిన ఎవరికి సాధ్యము? ఒక దినమైనచో ప్రయత్నింపవచ్చును.

ఈ పద్ధతికి మూలపురుషుడు మికావో ఉసూయి. ఇతడు 1865లో జపానునందలి గిఫు మండలములో జన్మించెను. జీవనమున అనేక వృత్తులు చేసి, అపజయములు పొంది, తుదకు 1922లో కియోతో నగర సమీపమునందలి కురామా పర్వతముపై ఇరువదియొక్క దినములు ఉపవాసముతో ధ్యానము చేసెననియు, అప్పుడు ఈ శక్తి లభించెననియు శిష్యులు చెప్పుదురు. ఆ సంవత్సరమే టోక్యోలో ఒక సంఘము నెలకొల్పి చికిత్సయు, బోధనయు ప్రారంభించెను. 1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమును నేలమట్టము చేసిన మహాభూకంపమున గాయపడినవారికిని, భీతిల్లినవారికిని ఇతడు దినదినము తిరిగి సేవ చేసెను. ఆ సేవవలననే అతని పేరు వ్యాపించెను. 1926 మార్చి 9న ఫుకుయామాలో మరణించెను. మరుసటి యేట టోక్యోలోని సైహోజీ దేవాలయమున శిష్యులు నిలిపిన స్మారకశిల, అతని శిష్యుల సంఖ్య రెండువేలకు పైబడినదని చెప్పుచున్నది.

రేకి వేలయేండ్లనాటి ప్రాచీనవిద్య యని ప్రచారము చేయువారు పెక్కురు కలరు. ఈ తేదీలు చూచినవారికి అది నూరేండ్లనాటి విద్య యని తెలియగలదు. చేతులతో రోగమును తీయు ప్రయత్నము మాత్రము దానికంటె పాతది. మన దేశముననే 1845లో హుగ్లీయందు జేమ్సు ఎస్‌డేలు అను స్కాటిష్ వైద్యుడు, రోగి దేహముపై గంటల తరబడి చేతులాడించి నిద్ర పుచ్చి, నొప్పి తెలియకుండ కణుతులు కోసెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వము అతనికి కలకత్తాలో ఆసుపత్రి నొసగెను. ఇంతలో ఈథరు, క్లోరోఫారము వచ్చినవి. సీసాలోని మందు నిమిషములలో చేయు పనికి గంటలు చేతులాడించువా రెవరు? ఆ ఆసుపత్రి చరిత్రలో కలిసిపోయెను.

ఉసూయి మరణానంతరము అతని సంఘమునకు నాయకత్వము వహించినవారిలో జపాను నౌకాదళాధికారులు ప్రముఖులు. ఉషిదా, తాకెతోమి అను తొలి అధ్యక్షు లిద్దరును రియర్ అడ్మిరల్ పదవి నలంకరించినవారే. రేకికి నేటి రూపము నిచ్చిన చుజిరో హయాషియు నౌకాదళమున కెప్టెనుగా పనిచేసి విరమించినవాడే. ఇతడు టోక్యోలో చికిత్సాలయము పెట్టి, ఏ రోగమునకు చేయి ఎచట ఉంచవలెనో క్రమముగా వ్రాసి యుంచెను. 1940 మే 11న ఇతడు ఆత్మహత్య చేసికొనెను. రానున్న యుద్ధమున మరల సేనలో చేరి ప్రాణములు తీయుట కిష్టపడకయే అట్లు చేసెనని అతని శిష్యురాలు తకాతా చెప్పుచుండెడిది.

ఆ నౌకాదళమే రెండేండ్లలో అండమాను దీవులకు వచ్చెను. 1942 మార్చి 23న జపానుసేన పోర్టుబ్లేరున – నేటి శ్రీవిజయపురమున – దిగెను. 1945 అక్టోబరు వరకు దీవుల పాలన జపాను నౌకాదళము చేతిలో నుండెను. ఆ కాలమున ఇచట దివాన్ సింగ్ అను వైద్యుడుండెను. 1897లో సియాల్‌కోటు మండలమున జన్మించి, సైనికవైద్యుడై, 1927లో ఈ దీవులకు బదిలీపై వచ్చినవాడు. రోగులకు మందిచ్చుటయే గాక, పంజాబీలో స్వేచ్ఛాఛందమున కవిత్వము వ్రాసి “కాలేపాణీ” యను పేరు తన పేరునకు చేర్చుకొనెను. గురుద్వారమును, బడిని నిలిపెను. ఉద్యోగరీత్యా వచ్చి ఊరివాడైన మనిషి. 1943 అక్టోబరులో జపానువారు అతనిని గూఢచారి యను నెపమున బంధించి సెల్యులర్ జైలున ఎనుబదిరెండు దినములు హింసించిరి. సుభాస్ చంద్రబోసు 1943 డిసెంబరు 30న పోర్టుబ్లేరున త్రివర్ణపతాకము నెగురవేసినపుడు దివాన్ సింగ్ ఆ జైలుగోడల మధ్యనే యుండెను. 1944 జనవరి 14న మరణించెను. పదునారు దినముల తరువాత హంఫ్రీగంజ్ వద్ద నలుబదినలుగురిని కాల్చి పాతిపెట్టిరి. నికోబారునందును గూఢచారులను పేర అనేకులు బలియైరి.

ఈ క్రౌర్యమునకు రేకి కారణము కాదు; అట్లనుట అన్యాయము. అయినను, చేతితో వ్యాధిని శమింపజేయు విద్యను ఆదరించిన సేనయు, ఒక వైద్యుని చేతులకు సంకెళ్లు వేసి చంపిన సేనయు ఒకటియే యగుట, “రేకి నేర్చిన జాతి శాంతమూర్తి” యనువారు ఒకసారి తలచుకొనదగిన విషయము.

యుద్ధానంతరము జపానున మరుగుపడిన రేకి, హవాయి దీవుల మార్గమున లోకమునకు వచ్చినది. హవాయో తకాతా 1900లో అచటి చెరకుతోటలలో పనిచేయు జపాను కూలీల యింట పుట్టినది. భర్త గతింపగా, దేహమున వ్యాధులతో 1935లో టోక్యో వెళ్లి, శస్త్రచికిత్స మాని హయాషి చికిత్సాలయమున చేరి, కొన్ని మాసములలో ఆరోగ్యము పొందినదని ఆమె కథనము. 1938లో గురుపదవి పొందినది. యుద్ధమువలన అమెరికాలో జపాను పేరే గిట్టని దినములలో, ఉసూయి క్రైస్తవుడనియు, దోషిషా విశ్వవిద్యాలయాధ్యక్షుడనియు ఆమె చెప్పుచుండెడిది. ఆ విశ్వవిద్యాలయపు దస్త్రములలో అట్టి పేరు లేదు. తన విద్యను బ్రతికించుకొనుటకు ఒక వితంతువు అల్లిన కథగా దానిని క్షమింపవచ్చును. గురుత్వమునకు పదివేల డాలర్లు రుసుము పెట్టుట క్షమింప కష్టము. 1980లో ఆమె మరణించునాటికి ఇరువదిరెండుగురు గురువులు తయారైరి. వారి శిష్యపరంపరయే 1980 దశకపు చివర భారతదేశమునకు వచ్చినది.

తెలుగువారికి అట్టి భావము అప్పటికే క్రొత్తది కాదు. కుంభకోణమున స్థిరపడిన తెలుగు కుటుంబమున 1868లో పుట్టిన మాస్టర్ సి.వి.వి. 1910 మే 29న ప్రారంభించిన యోగమార్గమున, ప్రాణశక్తిని సరిదిద్ది రోగములను మాన్పవచ్చునను బోధ కలదు. ఆ మార్గమున నడచిన ఎక్కిరాల కృష్ణమాచార్యులు విశాఖపట్టణమున దానికి హోమియోపతిని జోడించి, పేదలకు ఉచితముగ మందు లిప్పించెను. ధ్యానమును మందుతో కలిపెనే గాని, మందును మాన్పింపలేదు.

రేకి నిజముగ పనిచేయునా? ఈ ప్రశ్నను పరిశోధకులును వేసికొనిరి. చెప్పబడు శక్తిని ఇంతవరకు ఏ యంత్రమును కొలువలేదు. 2015లో కోక్రేన్ సంస్థ, చింతకును మనోవైకల్యమునకును రేకి పనిచేయునా యని పరిశీలించి, లభించిన మూడు చిన్న పరీక్షలనుబట్టి ఏ సంగతియు తేల్చుటకు చాలదని ప్రకటించెను. రేకికి తోబుట్టువు వంటి “థెరప్యూటిక్ టచ్” విషయమున ఒక బాలిక చేసిన పరీక్ష మిక్కిలి రుచికరమైనది. ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల అమెరికా బాలిక తన బడి ప్రదర్శనమునకై, ఇరువదియొక్క చికిత్సకులను తెర కీవల కూర్చుండబెట్టి, రెండు చేతులును తెర సందునుండి చాపించి, తన చేయి వారి ఏ చేతిపై నున్నదో చెప్పుమనెను. 280 సార్లలో 123 సార్లు మాత్రమే వారు సరిగా చెప్పగలిగిరి. నాణె మెగురవేసినను ఇంతకంటె కొంత మేలు. 1998లో అమెరికా వైద్యసంఘపు పత్రికలో ఇది ప్రకటింపబడెను.

ఐనను రేకి చేయించుకొన్నవారు హాయిగా నున్నదని చెప్పుట అబద్ధము కాదు. నిశ్శబ్దమైన గదిలో గంటసేపు పరుండుట, మరియొకరు తనయందే దృష్టి నిలిపి చేయి వేయుట – ఇవి లభించుటయే నేటి సంసారులకు, కచ్చేరీలలో దస్త్రములతో పోరువారికి దుర్లభము. చింత తగ్గును, నిద్ర పట్టును. అంతవరకు దానివలన హాని లేదు. భారతప్రభుత్వపు ఆయుష్ పరిధిలోని పద్ధతులలో రేకి చేరలేదు గనుక, వైద్యవ్యయపు బిల్లులలో దానికి తావు లేదనియు ఉద్యోగులు గుర్తింపవలెను. హాని, మందుండవలసిన చోట చేతిని మాత్రమే యుంచినపుడు కలుగును.

ఈ దీవులలో ఆ భేదము ప్రాణములతో వ్రాయబడినది. 1768లో నాన్‌కౌరీ దీవికి వచ్చిన మొరేవియను మిషనరీలు జ్వరములతో ఒకరివెంట నొకరు చనిపోగా 1787లో మిగిలినవారు వెడలిపోయిరి. 1789లో బ్లేరు స్థాపించిన వలస, స్థలము మార్చిన పిదప, రోగములవలననే 1796లో ఎత్తివేయబడెను. 1858 మార్చిలో ఖైదీలతో వచ్చిన వాకరు స్వయముగా వైద్యుడు. అయినను అతని కండ్లయెదుటనే వందలమంది కూలిరి. 1877లో తట్టు జాడ్యము గ్రేట్ అండమానీయుల పల్లెలను ఊడ్చివేసెను. 1901లో 625 మందిగా నున్నవారు 1961 నాటికి 19 మంది. వారికిని చికిత్సకులుండిరి. “ఓకో-జుము” అని పిలువబడిన ఆ స్వప్నద్రష్టలు ఆత్మలతో మాటాడుదురని ప్రతీతి. ఎర్రమన్నును కొవ్వుతో కలిపి రోగి దేహమునకు పూయు ఆచారమును కలదు. వారిని గూర్చి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వ్రాసిన గ్రంథము 1922లో, అనగా ఉసూయి కురామా పర్వతము నెక్కిన సంవత్సరముననే, వెలువడినది. తెలియని దేశములనుండి వచ్చిన తట్టునకు వారి ఎర్రమన్ను ఏమి చేయగలదు?

కారునికోబారున “తమిలువానా” లని, నడిదీవులలో “మెన్లువానా” లని పిలువబడు వైద్యపురోహితులుండిరి. రోగము దుష్టాత్మలవలన వచ్చునని వారి విశ్వాసము. రోగి దేహమును చేతులతో రాచి రాచి, లోపలినుండి రాయియో, పందిపల్లో తీసినట్లు చూపుదురని ఆంగ్ల గ్రంథకర్తలు వ్రాసిరి. ఇంటిముందు “కరేయవు” అను కొయ్యబొమ్మలు నిలిపి ఆత్మలను భయపెట్టుటయు కలదు. ప్రాణాపాయమైన జబ్బునుండి లేచినవాడు “మఫాయి” యై, ఆభరణములు ధరించి, ఊరూర మోసికొనిపోబడి, తుదకు వైద్యుడగును. తాను బాధపడినవాడే యితరుల బాధ తీర్చగలడను ఈ భావము, ఉసూయి కథలోను, తకాతా కథలోను కనబడుచునే యున్నది. ఈ ఆచారమును మద్రాసునుండి వెళ్లి ముస్ గ్రామమున పనిచేసిన సాల్మన్ అను ఉపదేశకుడు తన దినచర్యలో వ్రాసియుంచెను. అతని శిష్యుడైన జాన్ రిచర్డ్‌సన్ 1950లో బిషప్పై, 1952లో లోక్‌సభకు నియుక్తుడయ్యెను. కారునికోబారు ఆసుపత్రి ఆయన పేరననే కలదు. బొమ్మలు, మఫాయిలు క్రమముగ తగ్గినవి గాని, కొబ్బరినూనెతో దేహము రాచువారు, గర్భిణులకు కడుపు నిమురు స్త్రీలు పల్లెలలో మిగిలిరి. ప్రజలు జ్వరమునకు ఆసుపత్రికి, నొప్పులకు వారియొద్దకు పోవుచుందురు.

2004 డిసెంబరు 26 ఉదయము సముద్రము కారునికోబారు తీరపల్లెలపై విరుచుకుపడినది. ఆసుపత్రియు దెబ్బతినెను. బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ వైద్యులు శిబిరములలో తిరిగి, తొలి మూడు మాసములలో మానసికవ్యాధులు నూటికి ఐదునుండి ఎనిమిదిమందికి మాత్రమే యున్నవని కనుగొనిరి. నికోబారీల ఉమ్మడికుటుంబములను, కారునికోబారున “తుహెత్” లనబడువానిని, వారు ప్రత్యేకముగ పేర్కొనిరి. తల్లిదండ్రులు పోయిన బిడ్డలను బ్రతికియున్న పిన్నమ్మలు, మేనమామలు, తాతలు తమ చేతులలోనికి తీసికొనిరి.