తెరచాటు ఓటు

నేడు మనము తెరచాటున ఓటు వేయుచున్నాము. ఈ చాటు ఎంత విలువైనదో ఇంగ్లండునందలి యార్క్‌షైరు కౌంటీ చరిత్ర తెలుపును.

1807 సార్వత్రిక ఎన్నికలలో అచ్చటి రెండు స్థానములకు విల్బర్‌ఫోర్సు, మిల్టన్, లాసెల్సు అను మువ్వురు పోటీ చేసిరి. సొంత భూమి గల ఓటర్లు కౌంటీ నలుమూలలనుండి యార్కు నగరమునకు వచ్చి, 15 దినములపాటు అందరియెదుట తమ అభ్యర్థుల పేర్లు పలికిరి. ఎవరి ఓటు ఎవరికో పుస్తకమున అచ్చయ్యెను. దొరకు ఎదురు పలికినవాని గతి యేమి?

బానిసల వ్యాపారమును మాన్పింప పోరాడిన విల్బర్‌ఫోర్సుకై పలువురు సొంత ఖర్చుతో వచ్చిరి. ఆయన 11,808 ఓట్లతో ప్రథముడయ్యెను. వెస్టిండీసు తోటల యజమానుల కుటుంబమువాడైన లాసెల్సు, మిల్టన్‌కంటె 187 ఓట్లు తగ్గి ఓడెను. అయినను అట్టి తెగువ అందరికిని సాధ్యమా?

1872లో రహస్య ఓటు చట్టము వచ్చెను. ఆ యేడు ఆగస్టు 15న, అదే కౌంటీలోని పాంటిఫ్రాక్టు ఉపఎన్నికలో, బ్రిటను పార్లమెంటుకు తొలిసారి రహస్యముగ ఓట్లు పడెను. ఓటుహక్కు దొరకుట ఒక యెత్తు. దానిని నిర్భయముగ వినియోగించుకొనుట మరియొక యెత్తు.