హక్కుల సంఘం అడిగిన కాయితం

లులాక్ అంటే లాటిన్ అమెరికా మూలాలున్న అమెరికా పౌరుల సంఘం. 1929 ఫిబ్రవరి 17న టెక్సాస్ రాష్ట్రం, కార్పస్ క్రిస్టి పట్నంల పుట్టింది. అప్పట్ల అక్కడ మెక్సికన్ పిల్లలకు బడులు వేరు, పెద్దోళ్లకు జ్యూరీల జాగ లేదు. మేం గూడ ఈ దేశపోళ్లమే, చట్టం అందరికీ ఒక్కటే ఉండాలె అన్నదే సంఘం మూలసూత్రం.

జాక్సన్ కౌంటీల 25 ఏండ్లు ఒక్క మెక్సికన్ మూలాలాయన గూడ జ్యూరీల కూసోలే. లులాక్, జీఐ ఫోరం వకీళ్లు సుప్రీంకోర్టు దాకా కొట్లాడి, 1954ల హెర్నాండెజ్ కేసు గెలిచిన్రు. చిన్న గెలుపు కాదది.

అయితే ఇంగ్లీషునే సంఘం అధికార భాష చేసుకున్నరు, సభ్యత్వం పౌరులకే అన్నరు. పత్తి ఏరే వలస కూలీకి పౌరసత్వం లేకుంటె అండ్ల జాగ లేకుండె. నేనడిగేది ఒక్కటే: హక్కుల సంఘమే కాయితం అడిగితె, కాయితం లేనోడు ఎవల దగ్గరికి పోవాలె?