డాష్‌బోర్డ్: బురద ఆపిన పలక

ఇంగ్లిషులో 'డాష్' అంటే చిమ్మడం, 'బోర్డ్' అంటే పలక. గుర్రపు గిట్టలు చిమ్మే బురద బండివాడి మీద పడకుండా ముందు బిగించిన పలకే 19వ శతాబ్దపు డాష్‌బోర్డ్. కార్లు వచ్చాక ఆ చోటే మీటర్లు అమిరాయి. అక్కణ్ణుంచి ఆ మాట కంప్యూటర్‌కెక్కింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు కొట్టును అంగడి అంటాం. ఆన్‌లైన్ అంగడి పెట్టినవాళ్లు మొదట బెదిరేది డాష్‌బోర్డ్ అనే ఈ తెర చూసే. 'ఆర్డర్లు' అంటే మన చిట్టా. 'ఇన్వెంటరీ' అంటే సరుకు నిల్వ. పన్ను, రవాణా ఖర్చు 'సెట్టింగ్స్'లో ఉంటాయి. టమాటా పచ్చడి సీసాలు పన్నెండే ఉంటే, నిల్వ లెక్క ఆన్ చేసి 12 అని కొట్టండి. పదమూడో సీసాకు 'సరుకు లేదు' అని అదే చెబుతుంది. రోజూ తెరిచి చూస్తుంటే చేయి తిరుగుతుంది.