మాచిపత్రి నక్షత్రము: ‘ఇడియట్’ నవలలో ప్రకటన గ్రంథము

క్రొత్త నిబంధనలో కడపటిదైన యోహాను ప్రకటన గ్రంథమునుండి అలంకారములను ఎరవు తెచ్చుకొన్న నవలాకారులు పెక్కురు కలరు. ఫ్యోదర్ దొస్తోయెవ్‌స్కీ ‘ఇడియట్’ నవలయందు మాత్రము ఆ గ్రంథము అలంకారము కాదు. తన కాలపు రష్యాను చదువుటకు రచయిత పట్టిన దీపము. ఆ దీపమును ఎవరి చేతికిచ్చెనో గమనింపక ప్రతీకలకు పట్టికలు వ్రాయు విమర్శ మాకు సమ్మతము కాదు.

ఈ నవల 1868 జనవరి మొదలు ‘రూస్కీ వెస్త్‌నిక్’ పత్రికలో వెలువడెను. అంతకుముందే 1861లో దాస్యమునందున్న రైతులకు విముక్తి కలిగెను. 1862లో పీటర్స్‌బర్గు–వార్సా రైలుమార్గము పూర్తియయ్యెను. 1864లో న్యాయస్థానములు సంస్కరింపబడెను. కథ ఆ వార్సా రైలులో, మూడవ తరగతి పెట్టెయందే ఆరంభమగుచున్నది. ప్రిన్స్ మిష్కిన్, రొగోజిన్, లెబెదెవ్ అను మువ్వురును అచ్చటనే కలిసికొందురు.

ఈ లెబెదెవ్ చిల్లర గుమాస్తా, ముఖస్తుతిపరుడు, త్రాగుబోతు. పదునైదేండ్లుగా ప్రకటన గ్రంథమునకు వ్యాఖ్య చెప్పుచున్నానని అతని గొప్ప. ఆకాశమునుండి రాలి నీటి ఊటలను చేదుచేసిన నక్షత్రము ఐరోపాయంతటను అల్లుకొన్న రైలుమార్గములేయని అతని వ్యాఖ్యగా నవలలో ప్రచారమగుచున్నది. (వినాయక చవితి పత్రిలో మొదటి ఆకుగా మనమెఱిగిన మాచిపత్రి పేరునే తెలుగు బైబిలు అనువాదకులు ఆ నక్షత్రమునకు పెట్టిరి.) మనము మూడవదియగు నల్లని గుఱ్ఱము కాలమున నున్నామనియు, ఆ రౌతు చేతిలో త్రాసున్నదనియు, ఈ యుగమున సర్వమును కొలతమీదను ఒడంబడికమీదను నడచుచున్నదనియు అతడు చెప్పును. దాని వెనుక వచ్చునది పాండుర వర్ణముగల గుఱ్ఱము; దానిపై కూర్చున్నవాడు మృత్యువు.

ఈ మాటలు రెండవ భాగములోనివి. కాని త్రాసు మొదటి భాగముననే తూగుచున్నది. నస్తాస్యా ఫిలిప్పొవ్నను గాన్యాకు కట్టబెట్టుటకు తోత్‌స్కీ ఇవ్వజూపినది 75,000 రూబుళ్ళు. రొగోజిన్ పాట 18,000తో మొదలై, 40,000కు పెరిగి, 1,00,000కు ముగియును. ఆ లక్ష రూబుళ్ళ కట్ట చుట్టబడియున్నది బజారు ధరలను ప్రకటించు వార్తాపత్రిక కాగితముతో. ఆమె దానిని పొయ్యిలో విసరును. వ్యాఖ్యాత తరువాత పేరు పెట్టిన దానిని కథ ముందే చూపినదన్నమాట. రచనయంతటిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచిన కూర్పు ఇదియే.

ఇక వ్యాఖ్యాత సంగతి. ఒక వృద్ధురాలి 500 రూబుళ్ళను కాజేసిన వడ్డీవ్యాపారి పక్షమున ఫీజు కొఱకు వాదించినవాడు ఈ లెబెదెవేయని అతని మేనల్లుడే బయటపెట్టును. నల్లని గుఱ్ఱమును గుర్తించినవాడే దాని తోకపట్టుకొని బ్రతుకుచున్నాడు! మిష్కిన్ క్రీస్తు, రొగోజిన్ సాతాను అని ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క అర్థమును తగిలించు పద్ధతి లెబెదెవ్ పద్ధతియే. నవల దానిని చూచి నవ్వుచున్నది. కాని అతడు చెప్పినది అబద్ధమని మాత్రము అనుటలేదు. ఈ రెండింటిని కలిపి పట్టుకొననిదే పరిశోధకునకు ఈ గ్రంథము లొంగదు.

‘ఇక కాలముండదు’ అను దేవదూత వాక్యమునకును ఇదే గతి. మిష్కిన్ తన మూర్ఛకు ముందటి వెలుగు క్షణమున ఆ మాట అర్థమైనట్లు తోచెననును. క్షయరోగియగు ఇప్పొలిత్ అదే మాటను ప్రస్తావించి తన ఒప్పుకోలు పత్రమును చదివి తుపాకి పేల్చుకొనబోవును. అందులో మందు వెలిగించు టోపీ లేదు. కాలము ఆగలేదు, సభ నవ్వినది.

దొస్తోయెవ్‌స్కీకి బైబిలు పుస్తకపరిచయము మాత్రమే కాదు. 1850లో కఠినశిక్షకు సైబీరియా పోవుచుండగా తొబోల్స్క్ నగరమున డిసెంబరు విప్లవకారుల భార్యలు ఇచ్చిన క్రొత్త నిబంధన ప్రతిని ఆయన 1881లో మరణించువఱకు విడువలేదు. 1867 ఆగస్టులో బాసెల్ నగరమున హోల్బైన్ చిత్రించిన మృత క్రీస్తు పటమును చూచి చలించెను. ఆ పటపు నకలే రొగోజిన్ ఇంట వ్రేలాడుచున్నది. అది చూచినవానికి విశ్వాసమే పోవచ్చునని మిష్కిన్ అనును.

ప్రకటన గ్రంథము వధువు రాకతోను, క్రొత్త యెరూషలేముతోను ముగియును. ఇచ్చట వధువు పెండ్లిదుస్తులతోనే జనములోనుండి రొగోజిన్ చేయిపట్టుకొని పారిపోవును. మిష్కిన్ చర్చిలో వేచియుండును. కడపటి దృశ్యమున ఆ ఇంట, తెరలు దించిన గదిలో, ఆమె శవము మైనపు గుడ్డక్రింద నున్నది. ప్రక్కన దుర్గంధనివారక ద్రవము సీసాలు నాలుగు. ఈ గుడ్డయు, ఈ సీసాలును లేఖనములనుండి వచ్చినవి కావు. 1867 చివర మాస్కోలో విచారణకు వచ్చిన మజూరిన్ అను వర్తకుని హత్యకేసు వార్తలలోనివి. ఆ హంతకుని ప్రస్తావన, పేరు లేకయే, నస్తాస్యా నోటనే వచ్చినది. బూరలు మ్రోగవు. ఒక ఈగ మాత్రము శయ్యపైగా ఎగిరి తలాపివద్ద వ్రాలును.