మన్యపు భూమి - ఆడబిడ్డ వాటా

తూర్పు కనుమల మన్యమున భూమికి కాగితము లేని కాలమొకటి యుండెను. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్లు, కందులు చల్లుకొనుటయే పోడు. కొన్ని యేండ్లకు ఆ చోటు విడిచి మరియొక వాలునకు పోవుదురు. విత్తుట, కలుపు తీయుట, కోయుట, అడవినుండి దుంపలు తెచ్చుట - స్త్రీల చేయి పడని పని లేదు. పెండ్లికి వరునివారు ఓలి యిచ్చెడివారు. వితంతువు మరల పెండ్లాడుట తప్పు కాదు. అక్కడ స్త్రీపురుషులు సర్వసమానులని మేము చెప్పబోము. ఊరి పెద్దరికము పురుషులదే. కాని నేల ఎవరి పేరను లేనప్పుడు, ఆ పేరు పురుషునిదా స్త్రీదా యను ప్రశ్న పుట్టలేదు.

ఆ ప్రశ్నను తెచ్చినది ఆంగ్ల ప్రభుత్వము. 1839లో గంజాము, విశాఖపట్టణపు మన్యములును, పిదప గోదావరి మన్యమును ప్రత్యేక ఏజెన్సీ పాలనలోనికి వచ్చెను. 1879లో రంప పితూరీ చెలరేగెను. కల్లుపై వేసిన చిగురుపన్ను, మైదానపు వర్తకులు చిల్లర బాకీలకు కోర్టు డిక్రీలు తెచ్చి గిరిజనుల సొత్తు కాజేయుట దాని ముఖ్య కారణములలోనివి. 1882 మద్రాసు అటవీ చట్టముతో పోడు కొండలు క్రమముగా రిజర్వు అడవులాయెను. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట ఆ మన్యమే మరల లేచెను.

భూమి చేజారుటను ఆపుటకు 1917లో ఒక చట్టమును, 1959లో రెగ్యులేషనును వచ్చెను. 1970 సవరణ ప్రకారము, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునినుండి వచ్చినదిగనే భావింపబడును. కాదని రుజువు చేయు భారము అతనిదే. 1997లో సమతా కేసున సుప్రీంకోర్టు, ప్రభుత్వము సైతము అచటి భూములను గిరిజనేతరులకు గనుల కౌలు కీయరాదనెను. ఉభయ తెలుగు రాష్ట్రములందును రెగ్యులేషను నేటికిని కలదు.

ఈ రక్షణ బయటివానికి వాకిలి మూసినది. ఇంటిలోపలి పంపకమును ముట్టలేదు. పట్టా సాధారణముగా ఇంటి యజమాని యైన పురుషుని పేరనే పుట్టెను. 1956 హిందూ వారసత్వ చట్టము, 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005 నాటి కేంద్ర సవరణ ఆడబిడ్డ వాటాను అంచెలంచెలుగా పెంచినవి. కాని కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన గాని ఆ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. వారి ఆచారములను మన్నించుటకై చేసిన మినహాయింపు ఇది. ఫలితమేమనగా, రాజమహేంద్రవరపు ఆడబిడ్డకు చట్టము చెప్పు మాట మారేడుమిల్లి గిరిజన బాలికకు చెప్పదు. ఆమె పాలిటికి చట్టము ఆచారమే. ఆచారమేదో చెప్పువారు మగ పెద్దలు.

ఆడపిల్లకు వాటా యిచ్చినచో, ఆమె గిరిజనేతరుని పెండ్లాడిననాడు భూమి పోవునని పెద్దల భయము. అది నిరాధారము కాదు. మైదానపువారు గిరిజన స్త్రీని పెండ్లాడి, ఆమె పేర భూమి పెట్టి తామనుభవించుట మన్యమెరిగినదే: పేరు ఆమెది, పెత్తనము పరులది. అయినను రెగ్యులేషను నిషేధము అమ్మువారు పురుషులైనను స్త్రీలైనను ఒక్కటియే. పరులను అడ్డగించుటకు దానిని గట్టిగా అమలు జరుపవలెను. కన్నకూతురును వెలిపుచ్చుట మందు కాదు.

2006 అటవీ హక్కుల చట్టము ఈ రెండు న్యాయములను కలుపు దారి చూపినది. దంపతులకిచ్చు హక్కు పత్రము ఇరువురి పేర నుండవలెను. ఆ హక్కు వారసులకు చెందును గాని అమ్ముడు పోదు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, స్త్రీకి వాటా లేదను ఆచారము రుజువు కానిచో ఆమెకును సమభాగము కలదని తీర్పు చెప్పెను. అంతవరకు హక్కు కలదని స్త్రీయే నిరూపింపవలసి వచ్చెడిది. ఇకమీదట లేదనువారే నిరూపింపవలెను.

కోర్టు మెట్లెక్కగల స్త్రీలు మన్యమున కొందరే. కావున మన్యమున పనిచేయు ఉపాధ్యాయులకు, రెవిన్యూ ఉద్యోగులకు మా విన్నపమొకటి. హక్కు పత్రమిచ్చునాడు అందున్న పేర్లను ఆ యింటి స్త్రీ వినునట్లు చదువుడు. ఆమె పేరు లేనిచో ఏల లేదో అడుగుడు.