ఎముక మజ్జ మార్పిడి తర్వాత మూత్రపిండాల సమస్యలు

ఎముక మజ్జ మార్పిడి జరిగినవారిలో మూత్రపిండాలు దెబ్బతినడం తరచుగా కనిపిస్తుంది. ఎంత తరచుగా అన్నది మాత్రం అధ్యయనాన్ని బట్టి మారుతుంది: రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడకట్టే వ్యర్థం) కాస్త పెరిగినా లెక్కలోకి తీసుకున్నవారి అంకెలకూ, రెట్టింపైతేనే లెక్కించినవారి అంకెలకూ పొంతన కుదరదు. సొంత మూలకణాలు తిరిగి ఎక్కించుకున్నవారికంటే దాత మజ్జ పొందినవారికి ముప్పు ఎక్కువన్నది దాదాపు అందరూ అంగీకరించే మాట.

మొదటి వారాల్లో ముఖ్య కారణాలు సెప్సిస్, రక్తపోటు పడిపోవడం, ఆంఫోటెరిసిన్, అమైనోగ్లైకోసైడ్ల వంటి మందులు. కాలేయంలోని సన్నని రక్తనాళాలు మూసుకుపోయినప్పుడు ఒంట్లో నీరు చేరి బరువు పెరుగుతుంది, కామెర్లు వస్తాయి; మూత్రంలో సోడియం బాగా తగ్గుతుంది. దీనికి డిఫైబ్రోటైడ్ వాడతారు. ఈ దశలో డయాలిసిస్ దాకా వెళ్లినవారిలో మరణాలు చాలా ఎక్కువ.

నెలల తర్వాత వచ్చే జబ్బు మీదే వాదం ఎక్కువ. రక్తహీనత, అధిక రక్తపోటు, పెరిగే క్రియాటినిన్, రక్తపు చుక్కలో ముక్కలైన ఎర్రకణాలు దీని గుర్తులు. శరీరమంతటికీ ఇచ్చిన రేడియేషన్ దీనికి మూలమని కొందరు, రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లని మరికొందరు, దాత కణాలు రోగి శరీరంపై దాడి చేసే గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ వ్యాధి అని ఇంకొందరు అంటారు. అమెరికాలోని మిల్వాకీ వైద్యులు రేడియేషన్ సమయంలో మూత్రపిండాలకు అడ్డు పెట్టగా జబ్బు తగ్గింది; మొదటి వాదానికి ఇది గట్టి ఆధారం. కానీ రేడియేషన్ అసలే తీసుకోనివారిలోనూ ఇటువంటి జబ్బు కనిపిస్తుంది కనుక, రక్తనాళాల లోపలి పొర పలు దారుల్లో గాయపడుతుందన్న వివరణే సమంజసంగా తోస్తుంది. చికిత్స విషయానికొస్తే, రక్తపోటు మందు క్యాప్టోప్రిల్ ఈ జబ్బు నుంచి ఎలుకలను స్పష్టంగా కాపాడింది. మనుషులపై పరీక్షలో మేలు వైపు మొగ్గు కనబడినా గణాంకపరంగా తేలలేదు. రోగనిరోధక వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్లు అతిగా పనిచేస్తున్న రోగులకు ఎక్యులిజుమాబ్ ఇస్తున్నారు.

బీకే వైరస్ సాధారణంగా మూత్రాశయం నుంచి రక్తస్రావం కలిగిస్తుంది; మూత్రపిండం దాకా పాకడం అరుదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ కూడా అరుదే. రోగనిరోధక శక్తిని అణచే మందులు తగ్గిస్తున్నప్పుడు బయటపడే ఈ జబ్బులో బయాప్సీ చేస్తే ఎక్కువగా మెంబ్రేనస్ నెఫ్రోపతీ, ఆ తర్వాత మినిమల్ చేంజ్ వ్యాధి తేలుతాయి.

మూత్రపిండాలు పూర్తిగా పాడైతే కొత్త మూత్రపిండం అమర్చవచ్చు. మజ్జ ఇచ్చిన దాతే మూత్రపిండమూ ఇస్తే, రోగిలో అప్పటికే దాత రోగనిరోధక వ్యవస్థ ఉంటుంది కనుక తిరస్కరణను ఆపే మందులు దీర్ఘకాలం అవసరం పడకపోవచ్చు. 1991లోనే ఇటువంటి కేసులు ప్రచురితమయ్యాయి. వేరే దాత దొరికినవారు ఆ మందులను మామూలుగానే కొనసాగించాలి.